బై

తాత జురేవే నోట్లో ఆ మాటకు మూడు మెట్లుండేవి.
బైంబై.

కొబ్బరితోటలో మూడేళ్ళ ఒప్పందం.
శనివారం సాయంత్రం వరసలో నిలబడితే
దొర చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటూ
అనేవాడట, బైంబై.
కూలి బైంబై. దుప్పటి బైంబై.
ఇంటికి తీసుకెళ్ళే పడవ, అదీ బైంబైయే.
తర్వాత, తర్వాత, ఇంకాస్త తర్వాత.
ఆ మాట పలకడానికే అంతసేపు పట్టేది,
విన్నవాడు అంతసేపూ నిలబడాల్సిందే.

గెడిసా నానమ్మ చెబుతుంది ఇదంతా
లాయే బజారులో,
నీలం టార్పాలిన్ కింద, వాన ధారలు తప్పించుకుంటూ
వక్కలు ఐదేసి చొప్పున కుప్పలు పేరుస్తూ.
ఆమె ఇప్పటికీ మూడు మెట్లూ దిగుతుంది,
ఒక చెయ్యి మోకాలి మీద పెట్టుకుని.

మా నాన్న లారీ తోలేవాడు, కొండదారిలో.
అన్ని మెట్లు దిగే తీరిక లేదు ఆయనకు.
బై, అనేవాడు, గేరు మార్చినంతసేపట్లో.
బై వస్తాను. బై డబ్బు తెస్తాను.
వచ్చేవాడు కూడా. తెచ్చేవాడు కూడా.

నా కూతురు డోర్కాస్‌కి ఏడేళ్ళు.
దాని నోట్లో మిగిలింది పెదవులు ఒకసారి కలిసి విడిపోవడమే.
బ్.
అది పక్క మాటకు జిగురులా అతుక్కుని
నీడలా దానితోపాటే పరిగెత్తుతుంది.
నానమ్మకు పళ్ళు లేవు,
పళ్ళూడిన మాటలు మాత్రం ఈ పిల్లవి.

అది మాట కాదమ్మా, కాలం,
అన్నారు వాళ్ళ బడి మాస్టారు, సుద్దముక్క జేబులో వేసుకుంటూ.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు.
తాత ఎదురుచూపు, తాత ఆకలి, దొర చేతిరుమాలు
మోసిన మాట కదా,
పాపం కాలం చేసిందా అనుకున్నాను.
చెయ్యలేదు.
కాలం అయింది.

దొర తాతని పేరుతో పిలిచిందే లేదు.
ఏయ్ ఫెలో, అనేవాడు.
ఆ ఫెలో ఇప్పుడు అంకెల వెనక తోక:
ట్రిపెలా బువాయి, అంటే మూడు వక్కలు.
మంచి వెనకా అదే తోక, గుట్‌పెలా.
నానమ్మ రోజుకు వందసార్లు అంటుంది
ఒక్క వక్కకూ కోపం రాదు.
అవమానం ఏమైందో నాకు తెలీదు.
అరిగిందో, లోపలికి ఇంకిందో.

ఇక పినిస్.
ఒప్పందం ముగిసే రోజుకు అది పేరు.
పాక నిట్రాడి మీద కత్తితో గాట్లు పెట్టేవాడట తాత
ఆ ఒక్క మాటకోసం, వెయ్యికి పైగా గాట్లు.
ఇప్పుడు డోర్కాస్ తిన్నా పినిస్, ఉతికినా పినిస్,
లెక్కలు చెయ్యకుండానే చేశాను పినిస్.

మా భాషలో డై అంటే పోవడం కానక్కర్లేదు.
కళ్ళు తిరిగి పడినా డై అంటారు.
లేస్తారు, నీళ్ళు చల్లితే.
డై పినిస్ అంటే
లేవరు.

మొన్న శుక్రవారం చేపల బుట్టల దగ్గర ఉన్నాను.
డోర్కాస్ చెప్పులు లేకుండా వచ్చింది, బురదలో.
బుబు డై, అంది.
అని, ఊపిరి కోసం ఆగింది.

ఆ ఆగినంతసేపు
నేను మా తాతనయ్యాను, వరసలో నిలబడ్డాను.
తర్వాతి మాట వస్తుందా.
ఒక్క మాట, అరిగి అరిగి గోరంత అయిన మాట,
దాని వెనక పడవ ఉందో లేదో.

పరిగెత్తాను.
కుప్పలు చెదిరాయి. సున్నం డబ్బా బోర్లా పడింది.
ఎవరో అట్టముక్కతో విసురుతున్నారు.
డోర్కాస్ వంగి, చెవి దగ్గర, చాలా మర్యాదగా అడిగింది,
పినిస్?

నానమ్మ ఒక కన్ను తెరిచింది.
ఎర్రగా ఉమ్మింది, పక్కకి.
బైంబై, అంది,
మూడు మెట్లూ ఒక్కొక్కటే ఎక్కుతూ.

తర్వాత లేచి కూర్చుని
కుప్పలో ఒక వక్క తక్కువైందని
మా అందర్నీ తిట్టింది.